రంగుల గీతలు, ముడి తరంగాలు: మతిమరుపు రోగులకు చేస్తున్న ‘బ్రెయిన్ కనెక్టివిటీ’ పరీక్షపై సమీక్ష

హైదరాబాదులోని ఒక ప్రైవేటు డయాగ్నొస్టిక్ కేంద్రం మతిమరుపుతో వచ్చేవారికోసం ‘బ్రెయిన్ కనెక్టివిటీ’ పేరుతో ఒక ఈఈజీ (తలమీద ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే) పరీక్షను అందిస్తోంది. మా కుటుంబంలో ఇద్దరికి ఆ పరీక్ష చేయించాము. ఒకరు మా అన్నయ్య, వయసు 58. రెండోవారు మా అత్తగారు, వయసు 79. న్యూరాలజిస్టు ఇద్దరికీ నిర్ధారించిన జబ్బు అల్జీమర్సే. ఇద్దరికీ ఒకే గదిలో, ఒకే యంత్రం మీద, ఒకే టెక్నీషియన్ చేతుల మీదుగా రికార్డింగు జరిగింది. ఇద్దరికీ ఒకే నమూనాలో రంగుల రిపోర్టు చేతికి వచ్చింది. అయితే ఆ రెండు రిపోర్టులు చెప్పినది ఒకటి కాదు. నిన్న ఎవరు ఇంటికి వచ్చారో ఈరోజు గుర్తులేని అత్తగారి మెదడు ‘వయసుకు తగిన పరిధిలో’ ఉందని ఒక రిపోర్టు అంటే, నిన్నటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పగలిగే అన్నయ్య మెదడులో అనుసంధానం ‘తీవ్రంగా క్షీణించింది’ అని మరొకటి అంది. వైద్య కళాశాలలో ఫిజియాలజీ బోధించే నాకు ఈ తేడా ఆశ్చర్యం కలిగించలేదు గానీ, ఆ తేడాకు కారణమేమిటో ఒక్క వాక్యంలోనైనా చెప్పకుండా రిపోర్టు ఇచ్చి పంపడం మాత్రం చాలా బాధ కలిగించింది. ఈ సేవను వాడుకోదలచిన కుటుంబాలకు ఉపయోగపడుతుందని, మంచిచెడ్డలు రెండూ వివరంగా రాస్తున్నాను.

ముందుగా మంచి సంగతి చెప్పాలి. రికార్డింగు జరిగిన తీరు నేను ఇంతవరకు చూసినవాటిలో ఉత్తమమైనది. ముందురోజే ఫోన్ చేసి, తలకు నూనె రాయవద్దని, షాంపూతో తలస్నానం చేయించి జుట్టు పూర్తిగా ఆరిన తరువాతే తీసుకురమ్మని, రాత్రి నిద్ర చెడకుండా చూడమని, వాడుతున్న మాత్రల పేర్లు, వేసుకునే వేళలు రాసి తెమ్మని చెప్పారు. రోజూ కొబ్బరినూనె పెట్టే అలవాటున్న మన ఇళ్ళలో ఈ ఒక్క సూచన ఇవ్వకపోవడం వల్ల పాడయ్యే రికార్డులు ఎన్నో ఉంటాయి. టెక్నీషియన్ కొలత టేపు తీసుకుని ముక్కు మొదలు నుంచి తల వెనుక ఎముక గుబ్బ వరకు, ఒక చెవి ముందు నుంచి మరో చెవి ముందు వరకు కొలిచి, పది శాతం, ఇరవై శాతం లెక్కన రంగు పెన్సిలుతో గుర్తులు పెట్టింది. ఎలక్ట్రోడ్లు ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పే, 1958లో ప్రచురితమైన 10–20 పద్ధతి ఇదే. కొలవకుండా కంటి అంచనాతో ఎలక్ట్రోడ్లు అంటించేవారు ఉన్నారు. కనెక్టివిటీ లెక్కించే పరీక్షలో అలా చేస్తే ఏ బిందువుకు ఏ బిందువుతో సంబంధం ఉందన్న మాటకు అర్థమే ఉండదు.

అత్తగారి జడ విప్పి, పాయలు పాయలుగా విడదీసి, ఒక్కో గుర్తు దగ్గర ఇసుక పలుకులాంటి జెల్లుతో చర్మాన్ని మెల్లగా రుద్ది, తెల్లని పేస్టు నింపిన చిన్న గిన్నెలాంటి ఎలక్ట్రోడును నొక్కి, పైన దూది అద్దే పని పూర్తయ్యేసరికి అరగంటకు పైగా పట్టింది. మధ్యలో అత్తగారు రెండుసార్లు చేయెత్తి తీగలు పీకబోయారు. ఆ అమ్మాయి విసుక్కోలేదు. “మామ్మగారూ, జడ మళ్ళీ నేనే వేస్తాను, కాసేపు ఓర్చుకోండి” అంటూ చేయి పట్టుకుని కూర్చుంది. ప్రతి ఎలక్ట్రోడు దగ్గరా చర్మపు నిరోధం తగినంత తగ్గిందో లేదో తెరమీద చూసి, తగ్గని చోట మళ్ళీ రుద్ది, ఆ తరువాతే రికార్డింగు మొదలుపెట్టింది.

అత్తగారి మొదటి రికార్డింగు మధ్యాహ్న భోజనం తరువాత జరిగింది. కళ్ళు మూసుకోమనగానే ఆమె కునుకులోకి జారిపోయారు. కునుకు పడితే, మెలకువలో తల వెనుకభాగంలో కనిపించే ఆల్ఫా అనే తరంగ లయ చెదిరిపోతుంది, దాని స్థానంలో నిదానమైన థీటా తరంగాలు వస్తాయి. అల్జీమర్స్‌లో వచ్చే మార్పు కూడా పైకి సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. అందుచేత కునికిపాట్లు పడుతున్న ఆరోగ్యవంతుల రికార్డును కూడా కంప్యూటరు రోగి రికార్డుగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. ఆ టెక్నీషియన్ పేరు పెట్టి పిలిచి, చేతివేళ్ళు ఆడించమని అడిగి, కాసేపు కళ్ళు తెరిపించి చూసింది. చివరకు “ఇది పనికిరాదండీ, రేపు పొద్దున టిఫిన్ అయ్యాక తీసుకురండి, మళ్ళీ డబ్బు కట్టనక్కరలేదు” అని చెప్పింది. ఈ కేంద్రానికి నేనిచ్చే మార్కుల్లో సగానికి పైగా ఆ ఒక్క నిర్ణయానికే ఇస్తాను.

ఇక పరీక్ష దేనిని కొలుస్తుందో కొంచెం వివరించాలి. జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలమీద నుంచి తొలిసారి విద్యుత్ తరంగాలు నమోదు చేసి, 1929లో ప్రచురించారు. కళ్ళు మూసుకుని మెలకువగా ఉన్నప్పుడు తల వెనుకభాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే లయకు ఆయన పెట్టిన ఆల్ఫా అన్న పేరే నేటికీ నిలిచింది. అంతకన్నా నిదానంగా 4 నుంచి 8 మధ్య ఉండేది థీటా, 4 కంటే తక్కువ ఉండేది డెల్టా, 13 దాటి 30 వరకు ఉండేది బీటా. అల్జీమర్స్‌లో థీటా పెరుగుతుంది, ఆల్ఫా, బీటా తగ్గుతాయి, జబ్బు ముదిరినకొద్దీ డెల్టా కూడా పెరుగుతుంది. ఇది దశాబ్దాలుగా ఎన్నో దేశాల్లో పదే పదే రుజువైన విషయం. కనెక్టివిటీ అనేది దీని తరువాతి మెట్టు. తలమీద ఒకచోట కనిపించే లయకు, మరొకచోట కనిపించే లయకు మధ్య స్థిరమైన పొంతన ఉంటే, ఆ రెండు ప్రాంతాలు కలిసి పనిచేస్తున్నాయని భావిస్తారు. నాడీకణాల మధ్య సంధుల నష్టం ఈ జబ్బులో చాలా ముందుగా మొదలవుతుంది, కాబట్టి ఎం.ఆర్.ఐ.లో మెదడు కుంచించుకుపోవడం కనబడకముందే ఈ పొంతన దెబ్బతినవచ్చునన్న ఆలోచన సహేతుకమే. ఆ ఆలోచనతో నాకు ఏ పేచీ లేదు.

పేచీ అంతా లెక్క వేసిన పద్ధతితోనే. మెదడులో ఒకచోట పుట్టిన విద్యుత్ సంకేతం కపాలం, చర్మం గుండా వ్యాపించి, పక్కపక్కనున్న అనేక ఎలక్ట్రోడ్లకు ఒకే క్షణంలో చేరుతుంది. వినాయకచవితి పందిట్లో మైకు పెడితే వీధిలోని ఇళ్ళన్నింటిలో ఒకే పాట వినబడుతుంది, అంతమాత్రాన ఆ ఇళ్ళవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారని అనలేము. రెండుచోట్ల లయల మధ్య పొంతనను లెక్కించే కోహెరెన్స్ అనే పాత కొలత ఈ తేడాను పట్టుకోలేదు. అందుకే 2004లో పరిశోధకుడు గిడో నోల్టే బృందం కోహెరెన్స్‌లోని ఊహాత్మక భాగాన్ని (గణితంలో ‘ఇమాజినరీ’ అనే భాగాన్ని) మాత్రమే తీసుకునే పద్ధతిని, 2007లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన కొర్నెలిస్ స్టామ్, నోల్టే, డఫర్ట్‌షోఫర్ కలిసి ఫేజ్ లాగ్ ఇండెక్స్ అనే కొలతను ప్రతిపాదించారు. ఒక ప్రాంతం నుంచి మరొక ప్రాంతానికి సంకేతం నిజంగా చేరాలంటే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది కనుక, ఏమాత్రం ఆలస్యం లేకుండా రెండుచోట్లా ఒకేసారి కనిపించే పొంతనను లెక్కలోంచి తీసివేయడమే ఈ కొలతల సారాంశం. దీనివల్ల ఏకకాలంలో జరిగే నిజమైన పొంతన కొంత జారిపోతుంది, రికార్డులో చెత్త ఎక్కువైతే కొలత తడబడుతుంది. అయినా పక్కింటి మైకును మాత్రం సంభాషణగా పొరబడదు.

మాకిచ్చిన రిపోర్టులో ఏ కొలత వాడారో ముందు పేజీల్లో ఎక్కడా లేదు. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, రెండు చెవుల తమ్మెలను కలిపి ఆధారబిందువుగా (మిగతా ఎలక్ట్రోడ్ల సంకేతాన్ని దేనితో పోల్చి కొలుస్తారో ఆ చోటుగా) తీసుకుని కోహెరెన్స్ లెక్కించినట్టు ఉంది. చెవి తమ్మె విద్యుత్తుపరంగా నిశ్శబ్దమైన చోటు కాదు. పక్కనే, కణత వైపున్న మెదడు భాగమైన టెంపొరల్ లోబ్ సంకేతం దానిలోకి చేరి, అక్కడి నుంచి ప్రతి ఎలక్ట్రోడులోకి పాకుతుంది. అల్జీమర్స్ రోగులకు టెంపొరల్ లోబే ముఖ్యమైన రణరంగం. అలాంటప్పుడు ఆ ఆధారబిందువును ఎంచుకుని, దానిమీద కోహెరెన్స్ లెక్కవేసి, తల బొమ్మమీద ఎర్ర గీతలు, నీలి గీతలు గీసి ‘మీ మెదడు నెట్‌వర్కు’ అని శీర్షిక పెట్టడం రోగి కుటుంబానికి చేసే న్యాయం కాదు. ఆ బొమ్మ చూడడానికి ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది. అదే నా భయం.

అయినా ఆ లోపాన్ని కాసేపు పక్కన పెట్టి, ఇద్దరి ఫలితాలు ఎందుకు వేరువేరుగా వచ్చాయో చూడాలి. ఈ పరీక్ష అసలు విలువ, అసలు పరిమితి రెండూ అక్కడే ఉన్నాయి.

అన్నయ్య డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాడు. మొదట గీసిన గీతలు ఒకదానితో ఒకటి కలవడం లేదన్నాడు. కళ్ళజోడు మార్చారు. మళ్ళీ మార్చారు. మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు ఎక్కడుందో అందలేదు, చొక్కా గుండీ కళ్ళెదుటే ఉన్నా వేళ్ళకు దొరకలేదు, పళ్ళెంలో కుడివైపు పెట్టిన కూర కనబడలేదు. జ్ఞాపకశక్తి మాత్రం చాలాకాలం చెక్కుచెదరలేదు. కళ్ళ డాక్టర్లు కళ్ళు బాగున్నాయన్నారు, మేమంతా దిగులు వల్లనేమో అనుకున్నాము. చివరకు ఎం.ఆర్.ఐ.లో మెదడు వెనుకవైపున్న పెరైటల్, ఆక్సిపిటల్ భాగాలు కుంచించుకుపోయినట్టు తేలింది. వెన్నునీటి పరీక్షలో, ఈ జబ్బును పట్టిచ్చే రెండు ప్రోటీన్లలో అమిలాయిడ్ తగ్గి, ఫాస్ఫారిలేటెడ్ టౌ పెరిగి ఉంది. 65 ఏళ్ళలోపు మొదలయ్యే అల్జీమర్స్‌లో ఇలాంటి రూపాలు ఎక్కువ. కొందరికి చూపు అర్థం కాదు, కొందరికి మాట దొరకదు, కొందరికి పని క్రమం తప్పుతుంది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పొక్యాంపస్ వీరిలో చాలామందికి కొంతకాలం పాటు మెరుగ్గానే ఉంటుంది, పైపొరలోని పెరైటల్ ప్రాంతాలు ముందుగా, తీవ్రంగా దెబ్బతింటాయి.

ఆల్ఫా లయ అత్యంత బలంగా కనిపించేది ఆ వెనుక ప్రాంతాల్లోనే. అవి దెబ్బతింటే తలమీద పెట్టిన ఎలక్ట్రోడ్లకు ఆ సంగతి సూటిగా తెలుస్తుంది. అన్నయ్య రికార్డులో వెనుక లయ సెకనుకు ఏడున్నరకు పడిపోయి ఉంది. మెలకువగా ఉన్న పెద్దవారిలో 8 కంటే తగ్గితే, వయసు ఎంతైనా, అది సహజం కాదు. వెనుక ప్రాంతాల మధ్య ఆల్ఫా పొంతన కూడా బాగా తగ్గింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వీయూ వైద్యకేంద్రంలో ఈఈజీతోను, మెదడు అయస్కాంత తరంగాలను కొలిచే ఎంఈజీతోను చేసిన పరిశోధనల్లో కూడా, నడివయసులో జబ్బు మొదలైనవారిలో తరంగాల మార్పులు మలివయసు రోగులకన్నా ప్రస్ఫుటంగా కనిపించాయి.

అత్తగారిది వేరే దారి. ఆమె జబ్బు మలివయసులో, చాలామందికి వచ్చినట్టే, మతిమరుపుతో మొదలైంది. హిప్పొక్యాంపస్ కుంచించుకుపోయిందని ఎం.ఆర్.ఐ. చూపించింది. ఆ భాగం తలలో లోతుగా ఉంటుంది. అక్కడ జరిగేది తలచర్మం దాకా అంతగా చేరదు. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో అమెరికన్ వైద్యులు అల్జీమర్స్ రోగులు ఇద్దరికి కపాలం అడుగున ఉన్న రంధ్రాల గుండా సన్నని ఎలక్ట్రోడ్లను హిప్పొక్యాంపస్ దగ్గరకు పంపి చూసినప్పుడు, నిద్రలో మూర్ఛ తరంగాలు చెలరేగుతూ ఉండడం గమనించారు. తలమీది ఎలక్ట్రోడ్లలో వాటి జాడ దాదాపుగా కానరాలేదు. పైగా ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా వయసుతోపాటు ఆల్ఫా కొంత నెమ్మదిస్తుంది కనుక, 79 ఏళ్ళ రోగిని అదే వయసువారితో పోల్చినప్పుడు తేడా చిన్నదవుతుంది. మలివయసు రోగుల మెదడులో అల్జీమర్స్ ఒక్కటే ఉండడం కూడా అరుదు. చిన్న రక్తనాళాల నష్టం, ఇతర ప్రోటీన్ల పోగులు కలిసి ఉంటాయి. ఇన్ని కారణాలవల్ల వచ్చే లక్షణాలన్నీ ఒకే రకం తరంగ మార్పులో కనబడవు. అందుచేత అత్తగారి రిపోర్టు దాదాపు సాధారణంగా రావడం వింత కాదు, ఆమెకు జబ్బు లేదని దానికి అర్థమూ కాదు.

ఆ మాట రిపోర్టులో లేదు. ‘వయసుకు తగిన పరిధి’ అన్న మాట మాత్రం ముదురు అక్షరాల్లో, ఆకుపచ్చ పెట్టెలో ఉంది. మా మరిది అది చదివి, “వదినా, ఇన్నాళ్ళూ అమ్మకు లేని జబ్బుకు మందులేస్తున్నామా?” అని అడిగాడు. డొనెపెజిల్ మాత్రలు ఆపేద్దామన్న చర్చ ఇంట్లో రెండు రోజులు నడిచింది. నేను చెబితే సరిపోక, న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్ళి మాట్లాడితేగాని ఆ అనుమానం తీరలేదు. ఇంట్లో వైద్యవిద్యతో సంబంధమున్నవారు లేకపోతే ఆ ఆకుపచ్చ పెట్టె ఎంత పని చేస్తుందో ఊహించవచ్చు. అన్నయ్య రిపోర్టులోని ఎర్ర పెట్టె కూడా మరోలా బాధపెట్టింది. ‘తీవ్రం’ అన్న పదం చూసి వదిన ఆ రాత్రి భోజనం చేయలేదు. ఆ పదం ఒక గణిత సూచికకు వేసిన పేరు మాత్రమే, అన్నయ్య మిగతా జీవితం గురించి అది ఏమీ చెప్పదు.

నడివయసు, మలివయసు అన్న ఈ విభజనకు చరిత్రలో ఒక విశేషం ఉంది. అలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో పరిశీలించిన ఔగుస్తె డీటర్ అనే స్త్రీ వయసు అప్పటికి 51 సంవత్సరాలు. 1906లో ఆమె మరణించాక మెదడును పరీక్షించి, అదే ఏడాది నవంబరులో ట్యూబింగన్‌లో ఆయన వివరించిన జబ్బు నడివయసు జబ్బే. తరువాత కొన్ని దశాబ్దాలపాటు అల్జీమర్స్ అంటే నడివయసులో వచ్చే అరుదైన వ్యాధి అనే అనుకున్నారు. ముసలితనపు మతిమరుపు కూడా అదే వ్యాధి అని 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ గట్టిగా వాదించిన తరువాతే నేటి అవగాహన బలపడింది. ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది: 65లోపు వచ్చే రోగులు మొత్తంలో నూటికి పదిమందికి మించరు కాబట్టి, వారికి నిర్ధారణ ఆలస్యమవుతోంది. ఉద్యోగాలు పోయాక, ఇంట్లో గొడవలయ్యాక, మానసిక సమస్యలకు మందులు వాడి చూశాక న్యూరాలజిస్టు దగ్గరకు వస్తున్నారు. ఈ కేంద్రంవారి కరపత్రంలో తెల్లజుట్టు దంపతుల ఫోటో ఉంది. నిజానికి ఈ పరీక్ష ఎక్కువ సమాచారం ఇవ్వగలిగేది వారికంటే పదిహేను ఇరవై ఏళ్ళు చిన్నవారికి.

రోగిని ఎవరితో పోల్చారన్నది మరో ప్రశ్న. సాఫ్ట్‌వేరుతోపాటు వచ్చిన విదేశీ ప్రమాణాల పట్టికతోనే పోల్చామని అడిగితే దాచకుండా చెప్పారు. దరఖాస్తులో వయసు, ఏ చేతివాటం, మందులు అడిగారు. చదువు, మాట్లాడే భాషలు అడగలేదు. హైదరాబాదులో ఇవి అడగకపోవడం పెద్ద లోటు. నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతి క్షీణించే జబ్బుల) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురానివారిలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడుతూ బతికినవారి మెదడు, ఒకే భాషలో జీవితం గడిపినవారి మెదడు జబ్బును ఒకే విధంగా తట్టుకోవు. అలాంటప్పుడు వీరిద్దరినీ మరెక్కడి పట్టికతోనో ఒకే గీటురాయి మీద గీసి ‘క్షీణత’ అని తేల్చడంలో తొందరపాటు ఉంది.

ఇంతకీ ఈ పరీక్ష వల్ల మాకు కలిగిన అసలు ప్రయోజనం రంగుల పేజీల్లో లేదు. మేము కోరిన మీద, కేంద్రంవారు అన్నయ్య ముడి రికార్డును, అంటే లెక్కలేవీ వేయని అసలు తరంగాలను, న్యూరాలజిస్టుకు పంపించారు. ఆయన తెరమీద పది సెకన్ల చొప్పున ఒక్కో పేజీ తిప్పుతూ, కనెక్టివిటీ లెక్కలో ‘కళంకం’గా భావించి సాఫ్ట్‌వేరు తీసివేసిన ఒక భాగం దగ్గర ఆగారు. ఎడమ టెంపొరల్ ప్రాంతంలో వాడి మొనలున్న అలలు రెండుమూడు చోట్ల కనిపించాయి. అన్నయ్య అప్పుడప్పుడు మాట మధ్యలో ఆగి శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, పెదవులు చప్పరించడం గురించి ఆయన అప్పుడు వదినను గుచ్చిగుచ్చి అడిగారు. మేమంతా అది మతిమరుపే అనుకున్నాము. అవి చిన్న మూర్ఛలు కావచ్చని భావించి మందు మొదలుపెట్టారు, ఆ ఆగిపోవడాలు బాగా తగ్గాయి. అల్జీమర్స్‌లో, ముఖ్యంగా నడివయసులో మొదలైనవారిలో, మూర్ఛల ప్రమాదం ఎక్కువ. గీతల బొమ్మ గీయడానికి పనికిరాదని పక్కన పడేసిన ఆ కొన్ని సెకన్లే అన్నయ్య రోజువారీ జీవితాన్ని మార్చాయి.

ఈఈజీకి మరికొన్ని స్థిరమైన ఉపయోగాలు ఉన్నాయి. వారాల్లో, నెలల్లో మతి వేగంగా చెడిపోతుంటే క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ అనే అరుదైన మెదడు జబ్బులో కనిపించే క్రమబద్ధమైన వాడి తరంగాలకోసం వెతకవచ్చు. కాలేయం, మూత్రపిండాల సమస్యలవల్ల వచ్చే అయోమయాన్ని గుర్తించడంలో ఇది సాయపడుతుంది. లేనివి కనబడడం, స్పృహ ఒకరోజు బాగుండి మరొకరోజు మందగించడం వంటివి ఉంటే, లూయీ బాడీ డిమెన్షియా అనే మరో రకం జబ్బు నిర్ధారణ ప్రమాణాల్లో 2017 నుంచి వెనుక భాగపు లయ మందగింపుకు స్థానం ఉంది. ఇవేవీ కనెక్టివిటీ బొమ్మ అడగవు. శిక్షణ పొందిన కళ్ళతో పాతపద్ధతి ఈఈజీని చదివితే చాలు, దానికయ్యే ఖర్చు కూడా తక్కువే. మావాళ్ళిద్దరికీ తలా రూ.12,000 తీసుకున్నారు, మామూలు ఈఈజీకి అయ్యేదానితో పోల్చితే అది ఎన్నో రెట్లు.

ముడి రికార్డు సంపాదించడం సులువుగా జరగలేదు. కౌంటరులో మొదట, “అది మా దగ్గరే ఉంటుందండీ, పేషెంటుకు ఇవ్వం” అన్నారు. రాతపూర్వకంగా అడిగి, న్యూరాలజిస్టు చీటీ జతచేస్తేగాని ఆ రికార్డు ఉండే ఈడీఎఫ్ ఫైలు రాలేదు. గ్రీసులోని థెస్సలోనికి ఆసుపత్రి ఒకదానిలో తీసిన, 36 మంది అల్జీమర్స్ రోగులు, 23 మంది ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా రోగులు, 29 మంది ఆరోగ్యవంతులు, మొత్తం 88 మంది ఈఈజీ రికార్డులను పరిశోధకులు పేర్లు తొలగించి 2023లో ప్రపంచమంతటికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. మా విద్యార్థులు ఆ రికార్డుల మీదే సాధన చేస్తారు. అపరిచితుల రికార్డులు అలా దొరుకుతున్న కాలంలో, సొంత తల నుంచి తీసిన రికార్డుకోసం రోగి బతిమాలవలసిన అవసరం ఉండకూడదు.

మిగతా సౌకర్యాల గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. లిఫ్టు ఉంది, చక్రాల కుర్చీ అడిగిన వెంటనే వచ్చింది, పేస్టు కడుక్కోవడానికి వేడినీళ్ళు ఇచ్చారు. టెక్నీషియన్ అన్నమాట ప్రకారం అత్తగారికి తనే జడ వేసింది. రిపోర్టు చెప్పిన రోజుకే ఇచ్చారు, ఇంగ్లీషులో మాత్రమే. దాన్ని వివరించడానికి కూర్చోబెట్టినది డాక్టరు కాదు, ‘వెల్‌నెస్ కోఆర్డినేటర్’ అన్న బిళ్ళ తగిలించుకున్న ఒక యువకుడు. అతడు మర్యాదగానే మాట్లాడాడు, కానీ కోహెరెన్స్ అంటే ఏమిటని అడిగితే మెదడు వ్యాయామాల ప్యాకేజీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

కరపత్రంలో ‘లక్షణాలు రాకముందే అల్జీమర్స్‌ను పసిగట్టండి’ అన్న వాక్యం ఉంది. దానిని తొలగించాలని కేంద్రానికి రాశాను. వందలమంది సగటులో కనిపించే తేడా వేరు, ఒక మనిషి తలలో జబ్బు ఉందో లేదో తేల్చడం వేరు. ఆ పని చేయగల దారులు ఇప్పుడు ఉన్నాయి: వెన్నునీటి పరీక్ష ఉంది, అమిలాయిడ్ పెట్ స్కాన్ ఉంది, 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 55 ఏళ్ళు నిండి లక్షణాలున్నవారికోసం పీ-టౌ 217 (టౌ ప్రోటీన్‌లో ఒక రకం), అమిలాయిడ్ నిష్పత్తిని కొలిచే రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. జబ్బు ఉందా అన్నది ప్రశ్న అయితే వెళ్ళవలసినది ఆ దారిలో. ఏ లక్షణమూ లేని నలభై ఏళ్ళ వ్యక్తి, తల్లికో తండ్రికో జబ్బు వచ్చిందన్న భయంతో ఈ పరీక్షకు రావడంలో నాకు ఏ లాభమూ కనిపించదు. ఎర్ర పెట్టె వస్తే నిద్ర పట్టదు, ఆకుపచ్చ పెట్టె వస్తే దానికి హామీ లేదు.

అన్నయ్యను మాత్రం ఏడాది తరువాత మళ్ళీ ఇక్కడికే తీసుకువెళతాను. ప్రమాణాల పట్టికతో పోల్చడం కంటే, అతని పాత రికార్డుతో కొత్త రికార్డును పోల్చడం నమ్మదగినది. దానికి అదే వేళ, అవే మందులు, మందు వేసుకున్న తరువాత అంతే వ్యవధి, వీలైతే అదే టెక్నీషియన్ కావాలి. డొనెపెజిల్ వంటి మందులు నిదానపు తరంగాలను కొంత తగ్గిస్తాయి, నిద్రమాత్రల్లో కొన్ని బీటాను పెంచుతాయి కనుక మందుల జాబితా సరిగ్గా లేకపోతే పోలికకు విలువ ఉండదు. అత్తగారికి ఈ పరీక్ష మళ్ళీ చేయించను. ఆమెకు ఆరునెలలకోసారి న్యూరాలజిస్టు తెలుగులో చేసే జ్ఞాపకశక్తి పరీక్ష చాలు. కేంద్రంవారు మొదటి పేజీలో ఏ కొలత వాడారో, ఎన్ని నిమిషాల మెలకువ రికార్డు లెక్కలోకి వచ్చిందో, ఎవరితో పోల్చారో మూడు వాక్యాలు తెలుగులో రాసి, ఆ పెట్టెలకు రంగులు తీసివేసి, చివర న్యూరాలజిస్టు సంతకం చేయిస్తే, ఇదే రుసుముకు ఈ సేవను నడివయసు రోగుల కుటుంబాలకు నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. అంతవరకు వెళ్ళేవారు రికార్డింగు చేయించుకుని, ఈడీఎఫ్ ఫైలు అడిగి తీసుకుని, దాన్ని చదవగల న్యూరాలజిస్టు చేతికి ఇవ్వండి.